పాటపై తీర్పు: ‘అమర్ సింగ్ చమ్‌కీలా’ చిత్రపరిశీలనము

భారతీయ చలనచిత్రమునకు గాయకుని జీవితము మొదటినుండియు ప్రీతిపాత్రమైన వస్తువు. చిత్రములకు మాట వచ్చిన కొలదియేండ్లకే, 1936లో, పూనాలోని ప్రభాత్ సంస్థ ‘సంత్ తుకారామ్’ను నిర్మించెను. 1943లో కె. ఎల్. సైగల్ తాన్‌సేన్ పాత్రను ధరించెను. 1945లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి నటించిన ‘మీరా’ తమిళమున వెలువడెను. మరుసటి యేట చిత్తూరు నాగయ్య ‘త్యాగయ్య’ను తానే నిర్మించి, తానే దర్శకత్వము వహించి, తానే ప్రధానపాత్రను పోషించెను. 1952లో ‘బైజూ బావ్‌రా’ వచ్చెను. ఈ చిత్రములలో పలుమారు కనిపించు మార్గమొకటి కలదు. పాట యొక్క విలువను ఒక అద్భుతము నిరూపించును. రాగమునకు దీపములు వెలుగును, పాలరాయి కరగును, నీట మునిగిన అభంగముల ప్రతులు చెక్కుచెదరక తిరిగి వచ్చును. లోకము గాయకుని ఎంత బాధించినను కడపట దైవమో ప్రకృతియో అతని పక్షమున సాక్ష్యము పలుకును. ప్రేక్షకుడు ఆ సాక్ష్యము విని నిశ్చింతగా ఇంటికి పోవును.

2024 ఏప్రిల్ 12వ తేదీన నెట్‌ఫ్లిక్స్ ద్వారా విడుదలయిన ‘అమర్ సింగ్ చమ్‌కీలా’ యను హిందీ చిత్రము ఈ మార్గమునకు ఎడమైనది. దర్శకుడు ఇమ్తియాజ్ అలీ. రచనలో ఆయనకు తోడ్పడినవాడు సోదరుడు సాజిద్ అలీ. సంగీతము ఎ. ఆర్. రెహమాన్‌ది, గీతరచన ఇర్షాద్ కామిల్‌ది. ఇందు అద్భుతములు లేవు; సాక్ష్యము పలుకు దైవమును లేదు. ఆరంభముననే గాయకుడును గాయనియు తుపాకిగుండ్లకు నేలకూలుదురు. తరువాతి కథ యంతయు ఒక విచారణవలె సాగును. విచిత్రమేమనగా, ఆ విచారణ హంతకుని గూర్చినది కాదు, హతుని గూర్చినది. అతడు పాడిన పాటలు పాడదగినవేనా? వానికి బాధ్యుడు పాడినవాడా, విన్నవాడా? ఈ ప్రశ్నలకు చిత్రమొక తీర్పు చెప్పినది. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో పరిశీలింపవలసియున్నది.

చమ్‌కీలా అసలు పేరు ధనీరామ్. 1960 జూలై 21న పంజాబులోని లూధియానా నగరమునకు చేరువనున్న దుగ్రీ గ్రామమున, పేద దళిత కుటుంబమున జన్మించెను. బట్టల మిల్లులో కూలిపని చేయుచునే హార్మోనియమును, ఢోలకును, తుంబి యను ఒంటితీగ వాద్యమును అభ్యసించెను. ఆనాటి ప్రసిద్ధగాయకుడు సురీందర్ శిందాను ఆశ్రయించి, ఆయనకు పాటలు కట్టియిచ్చుచు, పిమ్మట తానే గొంతెత్తెను. ‘చమ్‌కీలా’ యనగా మెరయువాడని అర్థము. తొలుత సురీందర్ సోనియాతోను, పిదప అమర్‌జోత్ కౌర్‌తోను కలిసి అతడు పాడిన యుగళగీతములు ఎనిమిదేండ్లపాటు పంజాబు పల్లెలను ఊపివేసినవి. ఏడాదిలోని 365 దినములకు 366 కచేరీలు చేసెనను మాట నేటికిని జనుల నోట నిలిచియున్నది. దానిని లెక్కగా గాక ఒక కాలపు ఆశ్చర్యముగా గ్రహింపవలెను.

1988 మార్చి 8వ తేదీన జలంధర్ జిల్లాలోని మెహసాంపూర్ గ్రామమునకు కచేరీకై వచ్చి కారు దిగుచుండగా, అతనిని, అతనికి భార్యయు సహగాయనియు నైన అమర్‌జోత్‌ను, వాద్యబృందములోని మరి యిద్దరిని గుర్తుతెలియని వ్యక్తులు కాల్చి చంపిరి. అప్పటికి చమ్‌కీలా వయస్సు 27 సంవత్సరములు. ఉగ్రవాదులే చంపిరని కొందరును, వృత్తిలోని అసూయాపరులు చంపించిరని కొందరును, దళితుడు అగ్రకులపు కన్యను పెండ్లాడుట సహింపనివారు చంపిరని కొందరును చెప్పుదురు. ఎవరికిని శిక్ష పడలేదు.

ఇంతటి కీర్తి ఒక మిల్లు కూలివానికి ఎట్లు లభించెనో తెలియవలెనన్నచో ఆ దశాబ్దమును తెలియవలెను. గ్రామఫోను రికార్డు మధ్యతరగతి యింటి వస్తువు. క్యాసెట్టు అట్టిది కాదు. అది చౌక, లారీలో మ్రోగును, ట్రాక్టరుపై మ్రోగును, టీదుకాణపు బల్లపై మ్రోగును. పీటర్ మాన్యుయెల్ 1993లో ప్రకటించిన ‘క్యాసెట్ కల్చర్’ అను గ్రంథము ఉత్తరభారతము నిదర్శనముగా ఈ పరిణామమును వివరించినది. కొద్దిపాటి సంస్థల అధీనమున నుండిన సంగీతవిపణి క్యాసెట్టుతో చిన్న ఊళ్లకును, ప్రాంతీయ భాషలకును, మాండలికములకును తెరువబడినది. మాళ్వా ప్రాంతపు పల్లెపలుకుబడితో పాడిన చమ్‌కీలాకు ఇది తగిన సమయము.

సమయము మరియొక విధముగను విషమమైనది. 1984 జూన్‌లో స్వర్ణదేవాలయములో సైనికచర్య జరిగెను. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్యకు గురియయ్యెను. వెంటనే ఢిల్లీ మొదలగు చోట్ల సిక్కుల ఊచకోత జరిగెను. పంజాబున తుపాకి చేతబట్టినవారు క్రమముగా నీతిశాసనములు కూడ చేయసాగిరి. ఎట్టి దుస్తులు ధరింపవలెనో, పెండ్లిలో ఎందరు కూడవలెనో, మద్యము త్రాగరాదని, ఆటపాటలు కూడదని ఆజ్ఞలు వెలువడెను. అటు ప్రభుత్వపు భయము, ఇటు ఉగ్రవాదుల భయము. ఆ రెండు భయముల నడుమ జనులు నవ్వుటకొక చోటు వెదకికొనిరి. ఆ చోటే చమ్‌కీలా అఖాడా. అఖాడా యనగా పెండ్లియింటి ముంగిటనో, ఊరిబయటనో నిలువబడి పాడు బహిరంగ గానసభ. అతడు పాడిన విషయములు మద్యము, మత్తు, పౌరుషము, భూతగాదా, మరదలిపై బావ చూపు, వదినతో మరది సరసము, పరకీయాప్రణయము. సంసారుల యింట బిగ్గరగా అనరాని మాటలను అతడు వేదికపై మైకుముందు అనెను.

చిత్రకథనము సూటిగా సాగదు. శవములు పడియుండగా, మిత్రులును తోటి వాద్యకారులును ఒక్కొక్కరు తమకు తెలిసిన చమ్‌కీలాను వర్ణింతురు. వినువారిలో ఒక పోలీసు అధికారి యుండును. ఆయన మొదట ఏవగింపుతో వినును. కథ సాగినకొలది మెత్తబడును. ఈ పద్ధతి గాయకుని జీవితమునకు మిక్కిలి తగినది. ప్రజాగాయకుడు తన ఆత్మకథను తాను వ్రాసికొనడు. అతడు ఇతరుల జ్ఞాపకములలో చెదరి యుండును. దర్శకుడు ఆ చెదరుబాటును దాచలేదు. నటుల ముఖముల నడుమ అసలు చమ్‌కీలా, అసలు అమర్‌జోత్‌ల ఛాయాచిత్రములను చొప్పించెను. కొన్ని ఘట్టములను కదలుబొమ్మలుగా గీయించెను. పంజాబీ పాట సాగుచుండగా దాని హిందీ అర్థమును తెరపై అక్షరములుగా చల్లెను. సాధారణముగా జీవితచరిత్ర చిత్రము ప్రేక్షకుని భ్రమలో ముంచగోరును. ఇది మాటిమాటికి ఆ భ్రమను చెదరగొట్టి, ఇది పరుల నోటివెంట విన్న కథ యని జ్ఞాపకము చేయును.

సంగీతవిషయమున చిత్రము చూపిన సంయమము మెచ్చదగినది. చమ్‌కీలా పాటలకు రెహమాన్ నూతనాలంకారములు తొడుగలేదు. తుంబి, ఢోలకు, హార్మోనియము, రెండు గొంతులు, అంతే. ఆ పాటలను దిల్జీత్ దోసాంజ్, పరిణీతి చోప్రా చిత్రీకరణస్థలముననే స్వయముగా పాడిరి. పిమ్మట గదిలో పాడి జతపరచిన పాటలో లేని ఆయాసము, తడబాటు, ప్రేక్షకుల అలజడితో పోటీపడు గొంతు ఇందు వినవచ్చును. రెహమాన్ తన స్వంత రచనలను వేరొక పనికి వాడుకొనెను. అవి చమ్‌కీలా పాడిన పాటలు కావు. చమ్‌కీలా గూర్చి లోకము పాడు పాటలు. గ్రీకు నాటకములోని బృందగానమువలె అవి కథకు ప్రక్కన నిలిచి వ్యాఖ్యానించును. ‘బాజా’ యను తొలిపాటలో పల్లెజనులు అతని కీర్తిని, అపకీర్తిని ఒకే ఊపిరిలో పాడుదురు. గాయకుని సొంతగొంతును, అతనిపై లోకము వేసిన గొంతును ఇట్లు వేరుపరచుట సామాన్యమైన వివేకము కాదు.

దిల్జీత్ దోసాంజ్ స్వయముగా పంజాబీలో ప్రసిద్ధగాయకుడు. అట్టివాడు మరియొక గాయకుని పాత్ర ధరించునపుడు తన ప్రతిభను ప్రదర్శింపవలెనను కోరిక సహజముగా కలుగును. ఆయన దానిని అణచుకొనెను. వేదికపై నున్నప్పుడు తప్ప, ఈ చమ్‌కీలా ఎల్లెడల తలవంచుకొనియే కనిపించును. పెద్దల ముందు, ధనికుల ముందు, పోలీసుల ముందు చేతులు కట్టుకొని నిలుచును. చిరునవ్వుతో క్షమాపణ వేడును. తుంబి చేతికి రాగానే అదే మనిషి నిటారుగా నిలుచును. తరతరములుగా వంగిన వెన్ను పాటయందు మాత్రమే నిలువగలిగినదని ఏ సంభాషణయు లేకయే తెలియుచున్నది. నటనలో ఇంతకుమించిన భాష్యము వేరొకటి అక్కరలేదు.

చిత్రమునందలి ఉత్తమాంశము శ్రోతలను చిత్రించిన తీరు. పూర్వపు గాయకచరిత్రలలో శ్రోత అలంకారమాత్రము. గానము ముగియగా తల యూపుటయో, కన్నీరు తుడుచుకొనుటయో అతని పని. ఇందు శ్రోతయే ముఖ్యపాత్ర. మేడల కప్పులపై క్రిక్కిరిసిన స్త్రీలు, పగలు నిందించి రాత్రి క్యాసెట్టు వినువారు, చీకటిలో ఈలవేసి వెలుగులో నీతులు చెప్పువారు వరుసగా కనిపింతురు. బెదిరింపులు మిక్కుటము కాగా చమ్‌కీలా పెద్దలముందు తలవంచి, ఇక అట్టి పాటలు పాడనని ఒప్పుకొని, భక్తిగీతములు పాడెను. అవియు జనాదరణ పొందినవి. కాని అఖాడాలో నిలువగానే జనము పాతపాటలే కావలెనని పట్టుపట్టును. పాడినచో ప్రాణభయము, పాడకున్నచో జనము ఊరుకొనదు. ఈ ఘట్టమున చిత్రము నిజమైన విషాదమును స్పృశించినది. ఒక సమాజము తన కోరికను ఒక కూలివాని గొంతులో దాచుకొని, పట్టుబడిన దినమున ఆ గొంతును మాత్రమే దోషిగా నిలువబెట్టెను. ఈ సత్యమును చెప్పుటకు ధైర్యము కావలెను. చిత్రమునకు ఆ ధైర్యము కలదు.

అయితే ఈ ధైర్యము వెంటనే మరియొక పిరికితనముగా మారుట గమనింపదగినది. శ్రోత దోషి యని నిరూపించుటతో చిత్రము ఆగలేదు. గాయకుడు నిర్దోషి యని కూడ నిరూపింపబూనెను. దానికై అది చూపిన ప్రధానసాక్ష్యము జానపదసంప్రదాయము. ‘నరమ్ కాళ్జా’ యను పాటలో పల్లెస్త్రీలు తమ కోరికలను నిస్సంకోచముగా పాడుదురు. బాల్యముననే చమ్‌కీలా చెవులకు అట్టి మాటలు సోకినవని చిత్రము సూచించును. అతడు కొత్తగా కల్పించినదేమియు లేదు, ఊరు పాడినదే తిరిగి ఊరికి వినిపించెను అనునది వాదము.

ఈ వాదములో సగము సత్యము కలదు. పంజాబు పెండ్లిండ్లలో వరునిపక్షమువారిని ఎగతాళి చేయుచు స్త్రీలు పాడు సిఠణియాఁ యను పాటలు ప్రసిద్ధములు. తెలుగునాట వియ్యాలవారిపై పాడు ఎకసక్కెపు పాటల నెరిగినవారికి వాని స్వభావము వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దినమున, ఆ పందిటిలో, ఆ నోట ఆ మాటకు దోషము లేదు. అలంకారశాస్త్రము ఈ విషయమును సూక్ష్మముగా గుర్తించినది. మమ్మటుడు లజ్జను, జుగుప్సను, అమంగళమును స్ఫురింపజేయు మూడు విధముల అశ్లీలమును దోషముగా పేర్కొనియు, సందర్భమునుబట్టి అది దోషము కాకపోవచ్చుననియు, కొన్నియెడల గుణమే కావచ్చుననియు అంగీకరించెను. క్షేమేంద్రుని ఔచిత్యసిద్ధాంతము బోధించునదియు ఇదియే. అనగా అశ్లీలము కేవలము మాటలో లేదు. ఎవరు, ఎవరితో, ఎచట, ఎందుకు పలికిరను దానియందు కలదు.

ఈ సూత్రమునే చిత్రపు వాదమునకు అన్వయించి చూచినచో మిగిలిన సగము బయటపడును. సిఠణియాఁ పాడునది స్త్రీ. ఎగతాళికి గురియగువాడు సాధారణముగా పురుషుడు, అందును వియ్యపురాఱికపు గర్వముతో వచ్చినవాడు. ఏడాదిపొడవున తలవంచి మెలగు ఇల్లాలికి ఆ ఒక్కదినమున లభించు నోటి స్వాతంత్ర్యమది. పెండ్లి ముగియగానే అదియు ముగియును. అఖాడాలో ఈ వ్యవస్థ తలక్రిందులైనది. పాట కట్టినవాడు పురుషుడు. ఎదుట నిలిచి కోరువారు అధికముగా పురుషులు. స్త్రీ పలుకు జవాబును కూడ పురుషుడే వ్రాసెను. పిమ్మట మైకు ఆ మాటను ఊరంతయు వినిపించెను. క్యాసెట్టు దానిని పందిటినుండియు, పెండ్లినుండియు విడదీసి, దారిన పోవు ఆడుపిల్ల చెవిని పడునట్లు బస్సులో మ్రోగించెను. మాట అదియే కావచ్చును, చోటు మారినది. చోటు మారినపుడు అర్థమును మారినది. ఈ మార్పును గూర్చి చిత్రము మౌనము వహించినది.

ఈ ప్రశ్న చిత్రకారులకు తోపకపోలేదు. ఒక ఘట్టమున పట్టణపు దుస్తులు ధరించిన పాత్రికేయురాలు చమ్‌కీలాను కలిసి, స్త్రీలను వస్తువులుగా చేసి పాడుచున్నావు కదా యని నిలదీయును. అతడు సిగ్గుతో ఆమె ముఖము చూడలేడు. మంచిచెడ్డలను విచారించు స్తోమత అందరికి ఉండదనియు, జనము కోరినది పాడి బ్రతుకవలసినవాడననియు అతని సమాధానసారము. పేదవాని నోట ఇది సత్యమైన మాటయే. పాత్ర ఆ మాట అనుట ఉచితము. కాని చిత్రము కూడ ఆ సమాధానముతో తృప్తిపడి, ప్రశ్నించిన స్త్రీని తెరనుండి పంపివేసినది. ఆమె ప్రశ్న పట్టణపు నాగరికత వేసిన ప్రశ్నగా మిగిలినది. అదే ప్రశ్నను బస్సులో ఆ పాట వినుచు తలదించుకొనిన పల్లెటూరి బాలిక వేసియున్నచో సమాధానమింత సులభమయ్యెడిది కాదు.

అంతకంటె పెద్దలోపము అమర్‌జోత్ విషయమున కలదు. చమ్‌కీలా కీర్తి యుగళగీతముల కీర్తి. మగగొంతు విసరిన మాటను ఆడుగొంతు పట్టి, అంతకు రెట్టింపు పదునుతో తిరిగి విసరనిదే ఆ పాట లేదు. అతనితో సరిగా, అతనికి లొంగక, అతనిని మించి పాడగలిగిన గొంతు ఆమెది. భూమిగల జాట్ కుటుంబమున పుట్టి, దళితుని వివాహమాడి, ఊరు అశ్లీలమని తిట్టిన పాటలలో సగమును తన నోట పాడి, చివరకు అదే నేలపై అదే గుండ్లకు కూలినది. ఈమె ఏమి తలచెను? ఆ మాటలు పలుకునపుడు ఆమెకు అది అవమానమా, ఆటయా, విముక్తియా? వరుడు అంతకుముందే వివాహితుడన్న సంగతి ఆమె మనస్సును ఎట్లు తాకెను? చిత్రము ఈ విషయములను సంఘటనలుగా చూపినదే కాని ఆమె అంతరంగమును తెరువలేదు. చూచుచు, సిగ్గుపడుచు, వెంట నడచు ఇల్లాలిగా ఆమెను నిలిపినది. పరిణీతి చోప్రా గానమున చూపిన శ్రద్ధ శ్లాఘ్యమే. నటించుటకు ఆమెకిచ్చిన స్థలము స్వల్పము. కథ చెప్పువారందరును చమ్‌కీలా మిత్రులైన పురుషులు. అతని జ్ఞాపకములకు అంతమంది వారసులుండగా, ఆమె జ్ఞాపకమునకు ఒక్కరును లేరు. ఇద్దరు పాడిన పాటకు ఒకని పేరే శీర్షికయైనది.

కులవిషయమునను చిత్రము ఇట్లే తొందరపడినది. చమ్‌కీలా తన కులనామముతో తన్ను నిందించినవానికి బదులు చెప్పు ఘట్టము బలమైనది. కాని అట్టివి మెరుపులవలె వచ్చి పోవును. భూమిగల కులముల పెండ్లిపందిళ్లలో భూమిలేని కులపు గాయకుడు ఆ భూస్వాముల పౌరుషమునే కీర్తించి పాడుట పంజాబు గానచరిత్రలోని పెద్ద వైరుధ్యము. అతని పాటలలోని తుపాకి, గండ్రగొడ్డలి, పంతము, పగ ఆ యజమానుల ఆస్తి. గొంతు మాత్రము అతనిది. అశ్లీలమను నిందలో ఎంతభాగము పాటపై ద్వేషము, ఎంతభాగము పాడినవాని పుట్టుకపై ద్వేషము అను ప్రశ్నను చిత్రము ఎత్తి, చేతనుండి జారవిడిచినది. ఈ విషయమున కబీర్ సింగ్ చౌధరి 2018లో తీసిన ‘మెహసాంపూర్’ స్మరింపదగినది. అది చమ్‌కీలాపై చిత్రము తీయగోరి పంజాబునకు వచ్చిన ఒక చిత్రకారుని కథ. చనిపోయినవాని కథకై బ్రతికినవారిని పీడించు కళాకారుని దురాశనే అది వస్తువుగా గ్రహించినది. దానికి ఇమ్తియాజ్ అలీ చిత్రపు మాధుర్యము లేదు. కాని తన్ను తాను అనుమానించుకొను గుణము కలదు.

ఎవరు పలికిరను దానిని బట్టి అశ్లీలమును నిర్ణయించుట తెలుగు సాహిత్యమునకు అనుభవైకవేద్యము. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరి ఆస్థానమున ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను కందుకూరి వీరేశలింగము తీవ్రముగా నిందించెను. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యమును పరిష్కరించి ప్రకటించుచు, పురుషులు వ్రాసిన శృంగారమునకు లేని దోషము స్త్రీ వ్రాసినందున ఏల కలుగవలెనని ప్రశ్నించెను. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. 1947లో గాని, టంగుటూరి ప్రకాశం చొరవతో గాని ఆ నిషేధము తొలగలేదు. పంజాబీలోను ఇట్టి తారతమ్యము కనిపించును. సవతికొడుకును కోరిన రాణి పక్షమున మాటాడిన శివకుమార్ బటాల్వీ పద్యనాటకము ‘లూణా’కు 1967లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించెను. నిషిద్ధమైన కోరిక అందును కలదు, చమ్‌కీలా పాటలందును కలదు. ఒకటి గ్రంథాలయమునకు చేరెను. మరియొకటి తుపాకికి ఎర అయ్యెను.

అయినను ఈ పోలికను అతిగా లాగరాదు. రాధికాసాంత్వనమున స్త్రీ తన కోరికను తానే పలికెను. లూణాలో కవి నిందితురాలికి ఒక ఆత్మనిచ్చెను. ఆమె కోరిక వెనుక ముసలిరాజునకు అమ్ముడుపోయిన యౌవనపు బాధ కలదు. చమ్‌కీలా పాటలలో కొన్నిట అట్టి ఎరుక తళుక్కుమనును. తాగుబోతు మగని చేత చిక్కిన ఇల్లాలు, కట్నపు బేరము, మాటుమణిగిన ఇంటిలోని రహస్యములు అతని చూపునుండి తప్పించుకొనలేదు. మరికొన్నిట స్త్రీ కేవలము కన్నుగీటుటకు నిలిపిన బొమ్మ. రెండును అతనివే. సమర్థమైన విమర్శ వీనిని వేరుచేసి, మొదటివానిని మెచ్చి, రెండవవానిని తిరస్కరింపగలదు. చిత్రము ఈ పనికి పూనుకొనలేదు. పాటలనన్నిటిని ఒక్క మూటగా కట్టి, జనము కోరినదను ముద్రవేసి, నిర్దోషములని విడిచిపెట్టెను.

ఏల విడిచిపెట్టెను? ఈ చిత్రముయొక్క మర్మము ఈ ప్రశ్నయందే కలదు. పాటలో దోషమున్నదని ఒప్పుకొనినచో, గుండు పేల్చినవానికి కొంత న్యాయము లభించునేమో యని దర్శకుడు భయపడెను. ఆ భయము మనుష్యత్వమునుండి పుట్టినదే. కాని అది హంతకుని తర్కమును తెలియకయే అంగీకరించుట యగును. పాట చెడ్డదైనచో పాడినవాడు చావదగినవాడు అనునది హంతకుని తర్కము. చిత్రము దానికి బదులుగా, పాట చెడ్డది కాదు గనుక పాడినవాడు చావదగనివాడు అనుచున్నది. రెండు వాక్యములును ఒకే త్రాసులో తూగుచున్నవి. సరియైన సమాధానము ఆ త్రాసునే విరిచివేయవలెను. పాట చెడ్డదైనను పాడినవానికి బ్రతుకు హక్కు కలదు. పాటపై తీర్పు చెప్పవలసినది మరియొక పాట, లేక వినకుండ లేచిపోవు శ్రోత, లేక నిర్భయముగా వ్రాయు విమర్శకుడు. ఆ తీర్పు ఎంత కఠినమైనను గాయకుడు మరునాడు మరల పాడుటకు బ్రతికియుండును; మారుటకును బ్రతికియుండును. ఇరువదియేడేండ్ల చమ్‌కీలాకు దక్కనిది ఈ అవకాశమే. అతడు ముప్పదియేండ్లకు ఏమి పాడియుండునో, అమర్‌జోత్ తన మాటలను తానే కట్టుకొనియుండునేమో, ఎవరికిని తెలియదు. తుపాకి ఇద్దరు మనుష్యులను మాత్రమే గాక, వారి పాటలపై జరుగవలసిన వాదమును కూడ చంపినది. చనిపోయినవానిని నిందించుటకు నోరు రాదు. కావున స్తుతియే మిగిలినది.

చిత్రము చివరి భాగమున వీడ్కోలు పాట వినిపించును. ప్రేక్షకుని మనస్సు ద్రవించును, అది న్యాయమే. పూర్వపు గాయకచరిత్రలలో దైవము పలికిన సాక్ష్యమును ఇందు ప్రేక్షకుని కన్నీరు పలుకును. అద్భుతములను వదలివేసిన దర్శకుడు చివరకు క్షమాభిక్షను వదలలేకపోయెను. తన నాయకుడు మచ్చలేనివాడుగా తేలినగాని ప్రేక్షకుడు అతనికై దుఃఖింపడని తలచెను. ప్రేక్షకునిపై అంత అవిశ్వాసము అవసరము లేదు. మచ్చ కలిగిన మనిషికై దుఃఖించుట గాథలు విని పెరిగిన ఈ దేశపు జనులకు కొత్త కాదు.

ఇన్ని లోపములున్నను, ఈ మధ్యకాలమున వచ్చిన గాయకచరిత్ర చిత్రములలో ఇది ముందువరుసలో నిలువదగినది. వేదికపై నిలిచినవానిని గాక వేదికక్రింద కూర్చున్నవారిని ప్రశ్నించిన చిత్రములు అరుదు. వంగిన వెన్ను పాటలో నిటారగుటను ఇంత నిశ్శబ్దముగా చూపిన నటనలును అరుదు. అఖాడా దుమ్మును, తుంబి తీగను, రెండు గొంతుల పోరును అలంకరింపక నిలిపినందుకు చిత్రకారులు అభినందనీయులు. అమర్‌జోత్ కథ మాత్రము ఇంకను చెప్పవలసియే యున్నది. ఆమె గొంతునుండి మొదలుపెట్టి ఎవరైన ఈ కథను మరల చెప్పిననాడు, ఆ పాటలలో ఏది ఆట, ఏది అవమానము, ఏది ధైర్యము అన్నది తేటపడును.